60డి మీద హీలియోస్ 44-2: ప్రాజెక్టు డైరీ

జూన్, వానలు పడకముందు

పాత మాన్యువల్ లెన్సు మీద మనసుపడ్డవాళ్లు ముందు లెన్సుల కోసం వెతుకుతారు. నేనైతే ముందు బాడీ సంగతి తేల్చుకోమంటాను. నా దగ్గరున్నది కెనాన్ ఈఓఎస్ 60డి. 2010లో వచ్చిన మోడల్, ఇప్పుడు అమ్మినా పెద్దగా రాదు, కానీ షట్టర్ గట్టిగా ఉంది, దాని ఫొటోలు ఇప్పటికీ నాకు ఇష్టం. దీనికి ఒక పాత లెన్సు బిగించి, వ్యూఫైండర్‌లోంచి చూస్తూ చేత్తో ఫోకస్ తిప్పి, ఎఫ్/2 దగ్గర (అంటే లెన్సుని బాగా తెరిచి; నంబరు పెరిగేకొద్దీ మూసినట్టు) మనుషుల ఫొటోలు కళ్లు స్పష్టంగా పడేలా తియ్యాలి. అదీ ప్రాజెక్టు. ట్రైపాడ్ మీద పెట్టి, వెనక స్క్రీన్ మీద పెద్దది చేసుకుని ఫోకస్ చెయ్యడం ఎలాగూ కుదురుతుంది. కానీ ఎదుటి మనిషి ముఖం కదులుతుంటే, మాట్లాడుతుంటే, నవ్వుతుంటే ఆ పద్ధతి పనికిరాదు. నాకు కంటికి ఆనించుకుని తీసే కెమెరా కావాలి.

బాడీ ముందు అని ఎందుకంటున్నానంటే, లెన్సు కూర్చునే లోహపు అంచు నుంచి సెన్సర్ దాకా ప్రతి మౌంటుకీ ఒక కచ్చితమైన దూరం ఉంటుంది. ఫ్లాంజ్ దూరం అంటారు. కెనాన్ ఈఎఫ్‌కి (నా 60డి మౌంటు ఇదే) అది 44 మి.మీ., నికాన్ ఎఫ్‌కి 46.5, మర తిప్పి బిగించే పాత ఎం42 లెన్సులకి 45.46. లెన్సుది ఎక్కువ, బాడీది తక్కువ అయితే ఆ తేడా మందంలో ఒక రింగు పెడితే పనైపోతుంది. 45.46లోంచి 44 తీసేస్తే 1.46 మి.మీ. అంటే ఎం42 లెన్సు కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దమున్న డిజిటల్ కెమెరా) మీద సన్నటి రింగుతో, మధ్యలో గాజేమీ లేకుండా, ఇన్ఫినిటీ దాకా, అంటే ఎంత దూరానికైనా, ఫోకస్ అవుతుంది. అదే లెన్సు నికాన్ మీద పెడితే వ్యవహారం తిరగబడుతుంది, అక్కడ బాడీయే 1.04 మి.మీ. ఎక్కువ. ఎంత దూరం దాకా ఫోకస్ అవుతుందో లెక్క కట్టడం సులువు: ఫోకల్ లెంగ్త్‌ని దానితోనే హెచ్చించి ఆ తేడాతో భాగించాలి. 58 మి.మీ. లెన్సుకి 3364 బై 1.04, సుమారు 3.2 మీటర్లు. అది కూడా రింగు మందం సున్నా అనుకుంటేనే. గది దాటి బయట ఏదీ ఫోకస్ కాదన్నమాట. దీనికోసం మధ్యలో గాజు పెట్టిన అడాప్టర్లు అమ్ముతారు, కానీ పాత లెన్సు గుణం కోసం ఇంత తాపత్రయపడి దాని వెనక ఒక చవక గాజు పెట్టుకోవడానికి నాకు మనసొప్పదు.

కెనాన్ సొంత పాత ఎఫ్‌డీ లెన్సులే ఈఓఎస్ డీఎస్‌ఎల్‌ఆర్‌ల మీద ఇలా ఆగిపోతాయి, వాటి దూరం 42. మినోల్టా ఎండీది 43.5, అర మిల్లీమీటరులో పోయింది. నికాన్ పాత లెన్సులు మాత్రం కెనాన్ మీద హాయిగా కూర్చుంటాయి, 2.5 మి.మీ. ఖాళీ దొరుకుతుంది, లెన్సు ఎంత తెరుచుకోవాలో నిర్ణయించే ఎపర్చర్ రింగు కూడా లెన్సు మీదే ఉంటుంది. పెంటాక్స్ కెమెరా ఉన్నవాళ్లకైతే ఎం42 ఇంకా సుఖం: కె మౌంటుదీ 45.46 కాబట్టి రింగు మౌంటు లోపలే ఇమిడిపోతుంది, చెయ్యి వణుకు తగ్గించే ఏర్పాటు చాలా మోడళ్లలో బాడీలోనే ఉంది, లెన్సు ఎన్ని మిల్లీమీటర్లో మనం చెబితే పాత లెన్సుతోనూ అది పనిచేస్తుంది.

నికాన్ వాడే మిత్రుడికి కూడా ఇక్కడే ఒక మాట రాసిపెడుతున్నాను. 1977లో నికాన్ ఏఐ పద్ధతి తెచ్చింది, లెన్సు ఎపర్చర్ ఎంతో బాడీకి తెలియజేసే ఏర్పాటు. అంతకుముందు లెన్సులని మార్పు చేయించకుండా డీ7000 లాంటి బాడీలకి బిగించకూడదు, మౌంటు పక్కనుండే చిన్న ఏఐ పలక విరుగుతుంది. డీ3000, డీ5000 వరుసల్లో ఆ పలక లేదు కాబట్టి లెన్సు ఎక్కుతుంది, కానీ వెలుగు కొలిచే మీటర్ పనిచెయ్యదు, ఎక్స్‌పోజర్ అంతా చేత్తోనే చూసుకోవాలి.

జూన్ చివర

లెన్సు దొరికింది. విజయనగరంలో స్టూడియో మూసేస్తున్న ఒక పెద్దాయన దగ్గర షట్టర్ పోయిన జెనిట్ కెమెరా, దాని మీద హీలియోస్ 44-2, 58 మి.మీ., ఎఫ్/2. సీరియల్ నంబరు 79తో మొదలవుతోంది. ఈ లెన్సుల మీద మొదటి రెండు అంకెలు మామూలుగా తయారైన ఏడాదిని చెబుతాయి, కాబట్టి ఇది 1979 సరుకు. పట్టకంలోంచి కిరణం దూసుకుపోతున్న గుర్తు ఉంది, అది మాస్కో దగ్గర క్రాస్నోగోర్స్క్ ఫ్యాక్టరీది. లోపలి డిజైన్ జర్మనీలో యుద్ధానికి ముందు కార్ల్ జైస్ చేసిన బయోటార్ 58 మి.మీ. నుంచి వచ్చింది, నాలుగు గుంపుల్లో ఆరు గాజులు.

ఎపర్చర్‌కి రెండు రింగులున్నాయి. ముందున్నది నంబరు నిర్ణయిస్తుంది, వెనకది క్లిక్కుల్లేకుండా ఎఫ్/2 నుంచి ఆ నంబరు దాకా జారుతుంది. పూర్తిగా తెరిచి ఫోకస్ చేసుకుని, కళ్లు వ్యూఫైండర్‌లోంచి తియ్యకుండానే వేలితో మూసేయొచ్చు. తర్వాత వచ్చిన 44ఎం రకాల్లో బాడీ నొక్కితే మూసుకునే పిన్ను ఉంటుంది, వాటికైతే అడాప్టర్ ఆ పిన్నుని నొక్కిపెట్టే రకమా కాదా అని చూసుకోవాలి. 44-2కి ఆ గొడవే లేదు. ఇంకో లాభం: పాత లెన్సుల బ్లేడ్ల మీదికి నూనె పాకితే స్ప్రింగు రకాలు మొరాయిస్తాయి, ఇది చేత్తో తిప్పేది కాబట్టి ఎనిమిది బ్లేడ్లూ నూనెతో తడిసినా కదులుతాయి. ఆ నూనె ఆవిరై గాజు మీద పొరలా పట్టకుండా చూసుకుంటే చాలు.

పరిస్థితి ఇదీ: ముందు గాజు మీద రెండు సన్నటి గీతలు, వాటి వల్ల ఫొటోకి నష్టం లేదు. ముందు గుంపు లోపలి వైపు అంచున ఫంగస్ మొదలైంది. ఫోకస్ రింగు తిరగాలంటే మణికట్టు నొప్పెడుతోంది, గ్రీజు గట్టిపడిపోయింది. మా విశాఖ గాలిలో ఫంగస్ రాకపోతేనే వింత.

జులై మొదటి వారం

పూర్ణా మార్కెట్ దగ్గర పాత కెమెరాలు బాగుచేసే మాస్టారు ఒకాయన ఇప్పటికీ పనిచేస్తున్నారు. ఆయన చేసిపెడతానన్నారు, నేనేమో పక్కన కూర్చుని నేర్చుకుంటానన్నాను. ఒప్పుకున్నారు. ఫోకస్ తిరిగే భాగాన్ని హెలికాయిడ్ అంటారు, ఒకదాంట్లో ఒకటి తిరిగే మరలు. ఆ మరకి ఒకే మొదలు ఉండదు, చాలా ఉంటాయి. ఊడదీసినప్పుడు ఏ చోట విడిపోయిందో మళ్లీ అక్కడే ఎక్కించకపోతే లెన్సు తిరుగుతుంది గానీ ఫోకస్ లెక్క మొత్తం తప్పుతుంది.

"మర ఎక్కడ ఇడిపోయిందో అక్కడ గీత పెట్టుకో బాబూ. గాజు తుడవడం ఎవరైనా తుడుస్తారు, ఈ గీతే అసలు పని" అన్నారు మాస్టారు. గీత గీసే దాకా నన్ను కదలనివ్వలేదు.

పాత గ్రీజుని లైటర్ పెట్రోలుతో, పాత టూత్‌బ్రష్‌తో కడిగాం. గోధుమరంగు మైనంలా వచ్చింది. కొత్తది చాలా తక్కువ పెట్టారాయన, మర మొత్తం లీలగా తడిసేంత. ఎక్కువైతే అది బ్లేడ్ల మీదికి పాకుతుందట. ఫంగస్‌కి హైడ్రోజన్ పెరాక్సైడ్, అమ్మోనియా సమానంగా కలిపి, దూదితో మధ్య నుంచి అంచుకి తుడిచారు, కిటికీ తీసి, ఫ్యాను వేసి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి. ఒక మూల కోటింగ్‌ని ఫంగస్ కొంచెం తినేసింది, అది తిరిగి రాదు, ఫొటోలో తెలియదు.

ఇప్పుడు ఫోకస్ రింగు రెండు వేళ్లతో తిరుగుతోంది. అటూ ఇటూ ఊగడం లేదు, పట్టు ఉంది. ఈ మెత్తదనం కెమెరాతోపాటు వచ్చే కొత్త ఆటోఫోకస్ కిట్ జూమ్‌లలో దొరకదు, వాటి ఫోకస్ రింగు పావు చుట్టు తిరిగి ఆగిపోతుంది. ఇంటికొచ్చాక గాలి చొరబడని వంటింటి డబ్బాలో సిలికా జెల్, చిన్న తేమ మీటరు పెట్టి లెన్సుని అందులో ఉంచాను. 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు.

జులై, ఎండ కాసిన రోజులు

అడాప్టర్ వచ్చింది. మామూలు ఇత్తడి రింగు, చిప్పు లేనిది. డిజిటల్ కాలిపర్‌తో కొలిస్తే 1.42 మి.మీ. కాస్త పల్చగా ఉండటమే మంచిది, ఎందుకంటే 0.1 మి.మీ. మందం ఎక్కువైందంటే ఈ లెన్సు 34 మీటర్లు దాటి ఫోకస్ కాదు. అదే లెక్క, 3364 బై 0.1. పల్చనైతే ఇన్ఫినిటీ గుర్తు కన్నా కొంచెం ముందే ఫోకస్ దొరుకుతుంది, దాంతో ఇబ్బంది లేదు.

ఇన్ఫినిటీ సరిచూడ్డానికి వీధి చివర చెట్టు పనికిరాదు. ఎఫ్/2 దగ్గర 58 మి.మీ. లెన్సుకి 90 మీటర్లు దాటాకగానీ దూరమంతా ఒకటవ్వదు. ఆర్కే బీచ్ నుంచి డాల్ఫిన్స్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ కనపడుతుంది, అది చాలు. ట్రైపాడ్, లైవ్ వ్యూ (వెనక స్క్రీన్ మీద చూడటం), పదింతలు పెద్దది చేసి చూస్తే గుర్తుకి కొంచెం ముందు లైట్‌హౌస్ అంచు గట్టిగా నిలిచింది. ఫోకస్ రింగు చుట్టూ ఉన్న మూడు బుల్లి గ్రబ్ స్క్రూలు వదులుచేసి, రింగుని సరిచేసి మళ్లీ బిగించాను. ఇప్పుడు గుర్తు మీదే ఇన్ఫినిటీ. 60డి అద్దం చిన్నది కాబట్టి లెన్సు వెనక భాగానికి తగల్లేదు. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్, పెద్ద అద్దం ఉన్న) ఈఓఎస్ బాడీల్లో కొన్ని ఎం42 లెన్సులకి ఇన్ఫినిటీ దగ్గర అద్దం తగులుతుంది, ఆ బాడీలున్నవాళ్లు ముందు షట్టర్ నొక్కకుండా వివరం కనుక్కోవాలి.

అక్కడే కురుసుర సబ్‌మెరైన్ ఉంది కదా, సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో మన నేవీలో చేరింది, 2002 నుంచి బీచ్‌లో మ్యూజియం. సోవియట్ లెన్సుతో దాన్ని తియ్యకుండా రావడానికి మనసొప్పలేదు. ఎఫ్/8లో తీసిన ఫ్రేములో ఉక్కు మీద రంగు పెచ్చులు కూడా లెక్కపెట్టొచ్చు, మూలల దాకా. ఈ లెన్సంటే తిరిగే బొకే (వెనకుండే మసక) ఒక్కటే గుర్తుచేసుకునేవాళ్లు దీన్ని ఇలా మూసి చూడాలి.

ఆ తిరుగుడు గురించి కూడా రాసేస్తాను. అంచుల్లో వెలుగు చుక్కలు లెన్సు గొట్టానికి తగిలి కోసుకుపోయి బాదంగింజ ఆకారంలోకి మారతాయి, అవన్నీ మధ్య చుట్టూ వరసగా పేర్చినట్టు కనపడటంతో వెనకంతా సుడిలా ఉంటుంది. 60డి సెన్సర్ చిన్నది, ఆ అంచులు చాలావరకు ఫ్రేము బయటే ఉండిపోతాయి. సుడి తగ్గుతుంది. 58 మి.మీ. కాస్తా 93లా పనిచేస్తుంది, ముఖాలకి సరైన దూరం. నాకు ఇదే నచ్చింది. సుడి ఎక్కువైతే ముఖం మీద చూపు నిలవదు.

జులై చివర, వాన

ఈ ప్రాజెక్టులో అసలు ముడి ఇక్కడుంది. వ్యూఫైండర్‌లో కళ్లు స్పష్టంగా కనపడుతున్నాయి, ఫొటోలో చెవి స్పష్టంగా ఉంటోంది. లెన్సు లోపం కాదు, లైవ్ వ్యూలో అదే లెన్సు కత్తిలా ఉంది. కంటి నంబరు తేడా ఏమో అని డయాప్టర్ చక్రం మళ్లీ సరిచేశాను (దృశ్యాన్ని చూసి తిప్పకూడదు, వ్యూఫైండర్‌లోని ఏఎఫ్ (ఆటోఫోకస్) చుక్కలు పదునుగా కనపడేదాకా తిప్పాలి). తేడా లేదు.

కిటికీ దగ్గర నిలబడి ఒక పరీక్ష చేశాను, ఎవరైనా చేసుకోవచ్చు. ఎఫ్/2.8 నుంచి ఎఫ్/2కి మెల్లగా తెరుస్తూ వ్యూఫైండర్‌లో చూడండి. వెలుగు పెరగాలి, వెనకనున్నవి ఇంకా మసకవ్వాలి. ఏదీ మారదు! వ్యూఫైండర్‌లో బొమ్మ పడే గరుకు పలకని ఫోకసింగ్ స్క్రీన్ అంటారు, ఆ స్క్రీన్ నాకు ఎఫ్/2 చూపించడం లేదు, లెన్సు ఎంత తెరిచినా ఎఫ్/2.8 దగ్గర ఉండే బొమ్మనే చూపిస్తోంది.

కారణం ఉంది. ఆటోఫోకస్ కెమెరాల స్క్రీన్లని ఎఫ్/3.5, 5.6 జూమ్‌లతో కూడా వ్యూఫైండర్ వెలుగ్గా ఉండేలా చేశారు. దానికోసం గరుకు బాగా తగ్గించారు. గరుకు తగ్గితే లెన్సు అంచుల్లోంచి ఏటవాలుగా వచ్చే కిరణాలు చెదిరి కంటి దాకా రావు, మధ్యలోంచి వచ్చేవే వస్తాయి. ఫోకస్‌ని సున్నితంగా చెప్పేవి ఆ అంచు కిరణాలే. పాత ఫిలిం కెమెరాల్లో గరుకు స్క్రీను, చాలావాటిలో మధ్యన ఫోకస్ కుదిరితే కలిసిపోయే చీలిక బొమ్మ కూడా ఉండేవి, ఎందుకంటే అక్కడ ఫోకస్ చేసేది మనిషే. ఇక్కడ ఫోకస్ చేసేది మోటారు, మనిషికి ఫ్రేము కనపడితే చాలనుకున్నారు. నలభై ఏళ్లు దాటిన లెన్సు చెయ్యాల్సిందంతా చేస్తోంది, మనకి చూపించే పని బాడీ మానేసింది.

ఎంత సన్నటి వ్యవహారమో లెక్క చూడండి. ఈ సెన్సర్ మీద ఎఫ్/2లో, మీటరున్నర దూరంలో ఫోకస్ లోతు (ముందూ వెనకా పదునుగా పడే మేర) సుమారు 5 సెంటీమీటర్లు, మీటరు దగ్గర 2, అర మీటరు దగ్గర 5 మిల్లీమీటర్లు. మీటరు దూరంలో స్క్రీన్ 3 సెంటీమీటర్లు స్పష్టమని చెబుతుంటే సెన్సర్ మీద 2 మాత్రమే పడుతున్నాయి.

ఆగస్టు

ముందు చిప్పు అడాప్టర్ ప్రయత్నించాను, ఒక మిత్రుడిది. బంగారు రంగు కాంటాక్టులు అతికించి ఉంటాయి, షట్టర్ సగం నొక్కి ఫోకస్ తిప్పుతుంటే సరిగ్గా కుదిరినచోట బీప్ అంటుంది. ఎఫ్/4లో బాగుంది. ఎఫ్/2లో బీప్ వచ్చే పరిధి ఫోకస్ లోతు కన్నా వెడల్పు, అందులో ఏ మూల ఆపాలో తెలియదు. ఎప్పుడూ దూరం వైపు నుంచే తిప్పుతూ వచ్చి మొదటి బీప్ దగ్గర ఆపితే కొంత నిలకడ వస్తుంది. అయినా నాకు చెవితో ఫోకస్ చెయ్యాలని లేదు, తిరిగిచ్చేశాను.

60డిలో స్క్రీన్ మార్చుకోవచ్చు, ఈ బాడీ ఉంచుకోవడానికి ఇది పెద్ద కారణం. మామూలుగా వచ్చేది ఈఎఫ్-ఏ, దాని బదులు గరుకు ఎక్కువున్న ఈఎఫ్-ఎస్ ఉంది, ఎఫ్/2.8, అంతకన్నా వెడల్పు లెన్సుల కోసం చేసింది. సెకండ్‌హ్యాండ్‌లో దొరికింది. కెమెరాని మౌంటు కిందికి ఉండేలా పట్టుకుని, లోపలి చిన్న కొక్కెం వదిలిస్తే చట్రం కిందికి వేలాడుతుంది, స్క్రీన్‌తో వచ్చే పట్టకారుతో పాతది తీసి కొత్తది పెట్టాలి. వేలు తగలకూడదు, గుడ్డతో తుడవకూడదు, దుమ్ము ఉంటే బ్లోయర్‌తో ఊదాలి. తర్వాత మెనూలో కస్టమ్ ఫంక్షన్లలోకి వెళ్లి ఏ స్క్రీన్ ఉందో చెప్పాలి, లేకపోతే మీటర్ తప్పు చెబుతుంది, ఎందుకంటే మీటర్ చూసేది ఈ స్క్రీన్ మీద పడ్డ వెలుగునే.

పెట్టగానే మళ్లీ అదే కిటికీ, అదే పరీక్ష. ఎఫ్/2.8 నుంచి 2కి తెరవగానే వెనక ఇంటి గ్రిల్లు కరిగిపోయింది. దర్జీ టేపుని బల్ల మీద ఏటవాలుగా పరిచి, ఒక అంకె మీద ఫోకస్ చేసి తీస్తే ఆ అంకే పదునుగా పడింది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. కిట్ జూమ్ పెడితే మాత్రం ఇప్పుడు వ్యూఫైండర్ చీకటిగా, ఇసుక చల్లినట్టు ఉంటుంది. అది తెలిసే మార్చాను, ఇకనుంచి ఈ బాడీ ఈ లెన్సుకే.

మీటరింగ్ గురించి త్వరగా రాస్తాను. లెన్సుతో మాట లేదు కాబట్టి కెమెరాలో ఎపర్చర్ 00 అని కనపడుతుంది. షట్టర్ వేగాన్ని కెమెరాయే ఎంచుకునే ఏవీ మోడ్ పనిచేస్తుంది, మనం ఎంత మూస్తే అంత వెలుగునే కొలుస్తుంది. ఎఫ్/2, 2.8 దగ్గర నమ్మొచ్చు. ఎఫ్/8కి మూసేకొద్దీ ఫొటో వెలుగెక్కుతోంది, హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగునీడల గ్రాఫు) చూసి కాంపెన్సేషన్‌తో వెలుగు తగ్గించుకుంటున్నాను. వెలుగు మారని చోట పూర్తి మాన్యువల్ మేలు.

ఆగస్టు చివర, అక్క వాళ్లింట్లో

అక్క కూతురి ఓణీల ఫంక్షన్. పెద్ద ఫొటోగ్రాఫర్లు వేరే ఉన్నారు, నేను నా లెన్సుతో పక్కనుంచి తీశాను. ఎల్‌ఈడీ వెలుగు కాబట్టి చారలు పడకుండా షట్టర్ 1/100, ఎఫ్/2, ఐఎస్‌ఓ 1600, అన్నీ చేత్తోనే పెట్టి వదిలేశాను. మొదట్లో ఫోకస్ తిప్పుతూ ఉంటే మేనకోడలు "మామయ్యా, ఇంకా అవలేదా?" అని నవ్వింది, ఆ నవ్వే మంచి ఫొటో. తర్వాత పద్ధతి మార్చాను: దూరం ముందే ఫోకస్ చేసి పెట్టుకుని, రింగు ముట్టుకోకుండా నడుము దగ్గర కొంచెం ముందుకీ వెనక్కీ ఊగుతూ, కన్ను పదునుగా కనపడ్డ క్షణంలో వరసగా తియ్యడం. సెకనుకి 5.3 ఫ్రేములు వస్తాయి, వాటిలో ఒకటి కచ్చితంగా పడుతోంది. కదిలేవాళ్లకి రింగు తిప్పడం కన్నా ఇది నయం.

అమ్మ ఒక మూల కూర్చుని జడలకి పూలు కడుతోంది. మీటరున్నర దూరం. దగ్గరి కన్ను, కనురెప్పలు, నుదుటి ముడతలు పదునుగా ఉన్నాయి, చెవి దగ్గరికి వచ్చేసరికి అప్పుడే మెత్తబడింది, వెనక సీరియల్ లైట్లు బాదంగింజల్లా మెల్లగా వంగాయి. కంప్యూటర్‌లో నూరు శాతం పెద్దది చేసి చూశాను, ఏ కొత్త లెన్సు ఫొటో పక్కన పెట్టినా నాకు దిగులు లేదు. అక్క అది ప్రింట్ వేయించమంది, పెద్ద సైజులోనే వేయిస్తాను.

తేలాల్సింది ఒకటుంది. ఎదురుగా హాలోజన్ దీపం ఉన్న ఫ్రేముల్లో తెల్లటి పొగ కమ్మేసింది, నలుపులన్నీ బూడిదరంగయ్యాయి. ఆ కాలపు హీలియోస్ కోటింగ్ ఒక్క పొరే, ఎదురు వెలుగుని ఆపలేదు. ముందు మర 49 మి.మీ., ఆ సైజు రబ్బరు హుడ్ ఆర్డర్ పెట్టాను. మా ఊళ్లో సూర్యుడు సముద్రం మీదే ఉదయిస్తాడు కాబట్టి పరీక్షకి వేరే దీపం వెతుక్కోనక్కర్లేదు. హుడ్ ఉంచి ఒకటి, తీసి ఒకటి, అదే ఫ్రేములో ఎఫ్/2, 2.8, 4 దగ్గర తీసి పక్కపక్కన పెడతాను.